పేరు మీదా... ఊరందరిదా?

అంకుడు కర్ర, లక్క, గింజలు, ఆకులు, బెరడుల నుంచి తీసిన రంగులు... వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మల తయారీకి ఇవే ముడిసరుకు. విశాఖ వచ్చినవారు ముచ్చటపడి కొనుక్కెళ్లే ఆ బొమ్మల పేరుతోనే ఇంకెవరో రసాయనాల రంగులద్ది అమ్మితే? నష్టపోయేది ఒక్క దుకాణం కాదు, ఊళ్లోని ప్రతి కళాకారుడూ!

అందుకే 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు(జీఐ) వచ్చింది. ఇది మామూలు ట్రేడ్‌మార్క్ కాదు. ట్రేడ్‌మార్క్ ఒక వ్యాపారిది. అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చినట్లు ఇతరులకు వాడుకోనివ్వచ్చు. జీఐ ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ. అమ్మడానికి వీల్లేదు. అయితే ఊరికి గుర్తింపు వచ్చింది కదా అని ఊరుకోకూడదు. అధీకృత వాడకందారుగా ఎవరికి వారు పేరు నమోదు చేయించుకోవాలి.

మరి రెండూ ఉండకూడదా? భేషుగ్గా ఉండొచ్చు. అరకు కాఫీనే చూడండి. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో జీఐ దక్కింది. అక్కడి గింజలనే విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ తన ప్యాకెట్లలో అమ్ముతుంది, ఇతర సంస్థలు తమ తమ పేర్లతో అమ్ముతాయి. జీఐ పంట పుట్టిన కొండను చెబితే, ట్రేడ్‌మార్క్ ప్యాకెట్ ఎవరిదో చెబుతుంది.

మీరే ఓ మిఠాయి దుకాణం పెడుతున్నారనుకోండి. 'వైజాగ్ స్వీట్స్' అని పెడితే జనానికి తేలిగ్గా గుర్తుంటుంది. కానీ ఊరి పేరునూ, సరుకు పేరునూ ఒకరికే రాసివ్వడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. సరుకుతో సంబంధంలేని కొత్త మాటైతే రక్షణ గట్టిగా ఉంటుంది. డబ్బు ఒక్క దరఖాస్తుకే సరిపోతే ముందు పేరును అక్షరాలుగా నమోదు చేయించడం మేలు. బొమ్మతో కూడిన లోగో రేపు మారిపోవచ్చు, పేరు మారదుగా!

సరుకులూ సేవలూ కలిపి మొత్తం 45 తరగతులు. మిఠాయిలు 30లోకి వస్తాయి, హోటల్ 43లోకి, ఆటబొమ్మలు 28లోకి. వ్యక్తులు, అంకుర సంస్థలు, చిన్న పరిశ్రమలు ఆన్‌లైన్‌లో తరగతికి రూ.4,500 కట్టాలి. మిగతావారికి రూ.9,000. అభ్యంతరాలుంటే చెప్పమని పేరును జర్నల్‌లో ప్రచురించి నాలుగు నెలలు గడువిస్తారు. నమోదైతే పదేళ్లు మీదే, ఆపైన పదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. దరఖాస్తుకు ముందే ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు.

పదిమంది మహిళలు సంఘంగా ఏర్పడి పచ్చళ్లు పెడితే? సభ్యులందరూ వాడుకునేలా సామూహిక గుర్తు తీసుకోవచ్చు. నాణ్యతకు హామీ ఇచ్చే ధ్రువీకరణ గుర్తు వేరు. దాని యజమాని ఆ సరుకు వ్యాపారం చేయకూడదు.

చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. జీఎస్టీ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన పేరుపై ట్రేడ్‌మార్క్ హక్కు రాదు. నమోదు లేకున్నా, ఎంతోకాలంగా వాడుతున్నవారు కోర్టుకెళ్లి పోరాడొచ్చు. కాకపోతే పాత బిల్లులు, ప్రకటనలు చూపించి నిరూపించుకునే భారం వారిదే. కాబట్టి తొలిరోజు బిల్లు నుంచే జాగ్రత్తగా దాచండి.

బోర్డు రాయించడానికి పెయింటర్‌ను పిలిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి... ఈ పేరు నా ఒక్కడిదా, మా అందరిదా? ఏ రక్షణ తీసుకోవాలో ఆ జవాబే చెబుతుంది.