మూలధన శాస్త్రము - మెట్టసీమ

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లోను, మహబూబునగరములో పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను వెలసినవి. జడ్చర్ల చెంత పోలేపల్లిలో బొంబాయివారి నర్సీ మోంజీ సంస్థయు నొక శాఖను నెలకొల్పినది. ఒకనాడు హైదరాబాదునకు పోయినగాని దొరకని వాణిజ్య నిర్వహణ విద్య నేడు మన మెట్టసీమ ముంగిటికి వచ్చినది. సంతోషమే. కాని ఎం.బి.ఏ. తరగతులలో కార్పొరేట్ ఫైనాన్స్ అను పేర నేర్పబడు శాస్త్రము పెద్ద కంపెనీల చుట్టు తిరుగుచున్నదేగాని విద్యార్థి తండ్రి పొలములోనికి దిగుట లేదని మా ఫిర్యాదు.

ఆ శాస్త్రము మనకు పరాయిది కాదు. సొమ్ము దేనిలో పెట్టవలెను, ఎక్కడనుండి తేవలెను, వచ్చిన లాభములో ఎంత పంచి ఎంత నిలుపవలెను అను మూడు ప్రశ్నలే దానికి మూలము. రేపటి రూపాయి నేటి రూపాయికి సమానము కాదనునది దాని మొదటి పాఠము. ఈ పాఠమును మన గ్రామములలోని షావుకారు ఏ కళాశాలకును పోకయే వ్రేళ్లమీద లెక్కించును. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ యనగా సాలునకు 36. నెలనెలకు వడ్డీని అసలులో కలుపుచు పోయినచో 42కు పైమాట.

నల్లగొండ బత్తాయి తోటను చూడుడు. మొక్క నాటిన పిమ్మట కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. అంతవరకు గోతులు, ఎరువు, నీరు, కాపలా - అన్నియు ఖర్చులే. ఒక రైతునకు సాలుకు నూటికి 10 వంతున బ్యాంకు అప్పు దొరకినదనుకొందము. అయిదవయేట రాబోవు రూపాయి నేడతనికి 62 పైసలకు సమానము. నూటికి 36 చెల్లించు పొరుగువానికి అదే రూపాయి 21 పైసలే. పదవయేటి రూపాయి మొదటివానికి 39 పైసలు కాగా రెండవవానికి అయిదు పైసలైనను కాదు. నేల యొకటే, చెట్లు ఒకటే, గడ్డిఅన్నారం మార్కెట్టు తరలింపబడకముందును తరువాతను ధర యిద్దరికిని ఒకటే. ఐనను ఒకనికి తోట సంపద, వేరొకనికి ఋణభారము. రెండవవాడు సోమరియనియు, తెలివి తక్కువవాడనియు నిందించువారు ఈ లెక్క వేసి చూచినవారు కారు.

మోడిగ్లియాని, మిల్లర్ అను ఇద్దరు పండితులు 1958లో ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. పన్నులు లేక, దివాలా నష్టము లేక, అందరికిని ఒకే వడ్డీకి అప్పు పుట్టు విపణిలో, పెట్టుబడి అప్పుగా వచ్చినను వాటాలుగా వచ్చినను సంస్థ విలువ మారదని దాని సారము. ఇరువురును తరువాత నోబెల్ బహుమానము లందుకొనిరి. మేధకు మేము నమస్కరింతుము. కాని "అందరికిని ఒకే వడ్డీ" అను మాట దగ్గరనే మన సీమ ఆ సిద్ధాంతము నుండి విడిపోవుచున్నది. పట్టాదారు పాసుపుస్తకము లేని కౌలుదారునకు బ్యాంకు గడప యెక్కుటయే దుర్లభము. మా పాఠకులలో వడ్డీ చెల్లించువారును కలరు, వసూలు చేయువారును కలరు. తన భూమిని కౌలుకిచ్చి, ఆ కౌలుదారునకే మూడు రూపాయల వడ్డీకి అప్పును ఇచ్చు ఆసామి, ఆ భూమిపై ఎవ్వరును శాశ్వతమైన పని చేయుట లేదేమని ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఇక బోరుబావి. గడచిన ఖర్చును లెక్కలోనికి తీసికొనరాదని పుస్తకము చెప్పును. నాలుగు బోరులు వట్టిపోయిన పిదప అయిదవది వేయించువానిని చూచి పట్నవాసులు నవ్వుదురు. కాని ఎండుచున్న తోట ముందు నిలిచినవాడు పోయిన బోరులను లెక్కించుట లేదు. బ్రతికించిన చెట్లు ఇంకను పది పదిహేనేండ్లు ఇయ్యగల ఫలసాయమును లెక్కించుచున్నాడు. అతని ప్రశ్న సరియైనదే. అతడు తప్పునది నీరు పడు అవకాశమును అంచనా వేయుటలో, తెచ్చిన అప్పు వెలను మరచుటలో. ఈ రెంటిని విడదీసి చూపగల విద్యార్థి ఒక్కడు గ్రామమునకొకడున్న చాలును.

పాలమూరు కూలీ సంగతి యింకను కఠినము. మేస్త్రీ వద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని దూరదేశములకు పోవు కుటుంబమునకు వడ్డీయని ఎవరును చెప్పరు. ముందు సొమ్ము తీసికొననివాని కూలికిని వీని కూలికిని గల తేడాయే ఆ వడ్డీ. దాని నిజమైన రేటును కట్టి చూపుట రెండవ సంవత్సరపు విద్యార్థికి ఒక పూట పని.

కావున ఉభయ విశ్వవిద్యాలయములును ప్రతి విద్యార్థిచేతను ఒక బత్తాయి తోటదో, కోతల నెలలలో ధాన్యము కొని నెలల తరబడి బియ్యమమ్ము మిర్యాలగూడ మిల్లుదో, పోచంపల్లి మగ్గముదో లెక్కలు స్వయముగా వ్రాయింపవలెనని మా సూచన. మా పిల్లలు కోరునది హైదరాబాదు ఉద్యోగములు, పల్లె లెక్కలు కావని కొంద రనవచ్చును. ఉద్యోగములలో బ్యాంకు ఉద్యోగమును గలదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో తోట అప్పు దరఖాస్తును త్రోసివేయుటకో మంజూరు చేయుటకో కలము పట్టునది వారే.