మూట విప్పరాదు

విజ్ఞానం ఒక చేతి నుండి మరొక చేతికి చేరే దారులు కాలంతోపాటు మారుతున్నవి. తాళపత్రం వెనుక అచ్చు పుస్తకం వచ్చింది. అచ్చు పుస్తకం వెనుక ఫైలు వచ్చింది. పాఠ్యాంశాలు, పాత ప్రశ్నపత్రాలు, ఉపకారవేతన దరఖాస్తులు, ఉర్దూ తెలుగు గ్రంథాల ప్రతులు, ఇవన్నీ నేటి విద్యార్థి డౌన్‌లోడు చేసుకొనక తప్పనివే. అయితే దారి మారినంత మాత్రాన చేరవేసేవాని ధర్మం మారదు. అప్పగించిన దానిని అప్పగించినట్టే చేర్చడం ఆ ధర్మం. ఉర్దూ సోదరులు దీనినే అమానత్ అంటారు. ఈ ధర్మం వెబ్ సర్వర్లలో తరచు తెలియకుండానే తప్పుతున్నదని మా అభిప్రాయం.

సంగతి ఇది. ప్రయాణభారం తగ్గించడానికి సర్వరుకు, బ్రౌజరుకు మధ్య ఒక ఒడంబడిక ఉన్నది. తాను ఏయే కుదింపులను విప్పగలదో బ్రౌజరు ముందుగా తెలుపుతుంది. సర్వరు సమాచారాన్ని కుదించి, 'కంటెంట్-ఎన్‌కోడింగ్: జీజిప్' అనే చీటీ తగిలించి పంపుతుంది. బ్రౌజరు ఆ చీటీ చూచి, మూట విప్పి, లోపలి వస్తువును మనకు అందిస్తుంది. జీజిప్ రూపాన్ని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1952 వివరించింది. చీటీ నియమాలు 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110లో ఉన్నవి. నియమాలలో లోపం లేదు, లోపమంతా అమలులోనే.

మొదటి పొరపాటు: ఫైలే స్వయంగా జీజిప్ మూట అయినప్పుడు, దాని పేరు చివరి జీజెడ్ అక్షరాలను చూచి సర్వరు ప్రయాణపు చీటీ తగిలిస్తుంది. బ్రౌజరు దానిని విప్పి, పాత పేరుతోనే దాచవచ్చు. పేరు మూటది, లోపలిది విప్పిన సరుకు. రెండవది: డౌన్‌లోడు పంపే ప్రోగ్రాము అసలు ఫైలు పొడవును ముందే ప్రకటిస్తుంది, ఆ తరువాత సర్వరు దానిని కుదిస్తుంది. వచ్చినది ప్రకటించిన దానికన్న తక్కువైతే బ్రౌజరు మిగిలిన దానికై ఎదురుచూచి విఫలమవుతుంది. ఇదివరకే కుదించిన జిప్ ఫైలును మరల కుదిస్తే కొద్దిగా పెరగవచ్చు; అప్పుడు తోక తెగుతుంది. జిప్ ఫైలుకు విషయసూచిక చివరనే ఉండును గనుక, తోక తెగిన ఫైలు తెరచుకొనదు. మూడవది: చీటీ దారిలో జారిపోతే, విప్పని మూటే పీడీఎఫ్ అనే పేరుతో మన చేతికి వస్తుంది.

ఇందువలన నష్టపోయేది ఎవరు? సర్వరు నిర్వాహకుడు కాదు. గడువు దినాన దరఖాస్తు తెరచుకొనక, తన ఫోనే చెడిపోయిందని తలచి, అదే ఫైలును మూడుసార్లు దించుకొని డేటా పోగొట్టుకొనే పేద విద్యార్థి. తప్పు తనది కాదని అతనికి చెప్పేవారు లేరు.

కుదింపునే మానివేయమని కొందరు సలహా ఇస్తారు. మేము దానితో ఏకీభవించము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి 1 బైటు, ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగు సంకేతానికి 3 బైట్లు కావలెను. 'కా' అనే ఒక్క అక్షరానికే 6 బైట్లు. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒక్కటే కావడంవలన మన పుటలు చక్కగా కుదించబడతవి. కుదింపును తొలగిస్తే ఎక్కువ భారం మోయవలసినవి మన భాషలే. కనుక వ్రాత పుటలను కుదించవలెను. జిప్, జీజెడ్, చిత్రాలు, పాటలు, పీడీఎఫ్‌లవంటి ఇదివరకే కుదించిన వాటిని ముట్టరాదు. అపాచీ సర్వరులో ఇందుకు 'నో-జీజిప్' అనే ఏర్పాటు ఉండనే ఉన్నది.

విద్యార్థులు చేయదగిన పరీక్షలు కూడా సులభమే. మొదట ఫైలు పరిమాణాన్ని ప్రకటించిన దానితో బైట్లలో సరిపోల్చవలెను. తరువాత మొదటి రెండు బైట్లు చూడవలెను. అవి 1ఎఫ్, 8బి అయితే అది జీజిప్ మూట. పీడీఎఫ్ పేరుగల ఫైలులో అవి కనబడితే మూట ఇంకా విప్పలేదన్నమాట. జీజెడ్ పేరుగల ఫైలులో అవి లేకపోతే మూట ఇదివరకే విప్పబడి ఉండవచ్చును; పేరు తోక తొలగించి తెరచి చూడవలెను. 'యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్: ఐడెంటిటీ' అని అడిగి మరల దించుకొన్నప్పుడు ఫైలు సరిగా వస్తే దోషం కుదింపుదే.

అయితే పరీక్షించడానికి ఆధారం ఉండవలెను గదా! ప్రతి ఫైలు ప్రక్కన దాని పరిమాణాన్ని, 64 అక్షరాల షా-256 ముద్రను ప్రకటించడమే ఆ ఆధారం. ఒక్క బైటు మారినా ముద్ర మారిపోతుంది. మన సంచిక పాత సంపుటాలను వెబ్‌లో ఉంచదలచిన నాడు, ఈ ముద్రలను కూడా ప్రకటించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. ఇందుకు ఖర్చు లేదు. కావలసినది శ్రద్ధ మాత్రమే. పెద్దలు వ్రాసి ఇచ్చిన అక్షరం ఒక్కటి కూడా చెదరకుండా రాబోయే తరానికి అందినప్పుడే మనం అమానత్‌ను నిలుపుకొన్నవారమవుతాము.