బొడ్డుతాడు బీమా

గర్భిణులు చెకప్‌కి వెళ్ళే పెద్ద ఆస్పత్రుల్లో కౌంటర్ పక్కన టై కట్టుకున్న కుర్రాడొకడు బ్రోచర్లు పట్టుకుని నిలబడతాడు. ఏడో నెల దాటిందని తెలిస్తే చాలు, పలకరింపు మొదలు. "బేబీ కోసమే సార్, బొడ్డుతాడు రక్తం దాచిపెడితే జన్మంతా భరోసా. ఈఎంఐ కూడా ఉంది." బ్రోచర్‌లో ఎనభై జబ్బుల జాబితా. తొలి కాన్పు ముందు, బిడ్డ పేరెత్తితే కాదనగలిగే తండ్రి ఎవరు?

ఆ జాబితాలో నిజం లేకపోలేదు. తలసీమియా, లుకేమియా లాంటి వాటికి బొడ్డుతాడు మూలకణాలు ఎక్కిస్తున్నారు. కానీ ఎవరివి ఎవరికి? కుర్రాడు చెప్పనిది అదొక్కటే.

1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆస్పత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లక్‌మన్ బృందం ఈ వైద్యం మొట్టమొదట చేసింది. రోగి ఐదేళ్ళ అమెరికా బాలుడు. ఫాంకోని ఎనీమియా అనే జన్యులోపం వల్ల వాడి ఎముక మూలుగ రక్తం తయారు చేయలేకపోతోంది. వాడికి ఎక్కించింది చెల్లెలి బొడ్డుతాడు రక్తం. ఆ పాపకు జబ్బు లేదనీ, ఆమె కణాలు అన్నకు సరిపోతాయనీ ఆమె తల్లి కడుపులో ఉండగానే పరీక్ష చేసి తేల్చుకున్నారు. వాడి సొంత రక్తమే దాచి ఉంటే? అందులోనూ అదే లోపం. చిల్లు గొడుగుని బీరువాలో భద్రంగా పెట్టుకున్నట్టు! తలసీమియాకీ అంతే. పిల్లల లుకేమియాలో కూడా, జబ్బుకి బీజం వేసిన కణాలు పుట్టేనాటికే రక్తంలో ఉండే అవకాశం ఉంది కనుక సొంత రక్తం దాచిన సంచీని డాక్టర్లు నమ్మరు.

పైగా దొరికేది వంద మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. పసివాళ్ళకు చాలుతుంది, పెద్దవాళ్ళకు ఒక్క సంచీ తరచూ చాలదు. మరి జన్మంతా భరోసా ఎక్కడిది? ఎవరికి సరిపోతే వాళ్ళకిచ్చే పబ్లిక్ బ్యాంకులో వేస్తే ఆ రక్తానికి సార్థకత ఉంది. అలాంటివి మన దగ్గర బాగా తక్కువ. అదే నాకు అసలు బాధ.

ఇంకో సంగతి. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు బిగించమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ కాసేపట్లో మాయలోని రక్తం బిడ్డలోకి చేరి, తర్వాతి నెలలకు ఐరన్ నిల్వ అవుతుంది. రక్తహీనత ఇంతున్న దేశంలో, సంచీ నింపాలన్న తొందరలో ఆ నిమిషాన్ని కోసేయడం ఏం న్యాయం?

సొంతానికి దాచుకోవడాన్ని 2017 మార్గదర్శకాల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా సిఫారసు చేయలేదు. ఒక్క మినహాయింపు ఇచ్చింది: ఈ కణాలతో నయమయ్యే జబ్బున్న పెద్దబిడ్డ ఇంట్లో ఉండి, తల్లి మళ్ళీ గర్భవతి అయినప్పుడు. తలసీమియానే తీసుకోండి. తోబుట్టువు కణాలు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి, ఆ బిడ్డకు జబ్బు లేకపోయే అవకాశం నాలుగింట మూడు. రెండూ కలిసిరావడం పదహారింట మూడు. అలాంటి ఇంటివాళ్ళు బ్రోచర్ కుర్రాణ్ణి కాదు, కాన్పుకి చాలా ముందే రక్తవ్యాధుల డాక్టర్ని కలవాలి.