ఐదు వందల పౌండ్ల గది

బి.బి.సి. వారి ‘ఛేంజింగ్ రూమ్స్’ (1996–2004) కార్యక్రమంలో ఇరుగుపొరుగువారు రెండు రోజులపాటు ఇళ్లు మార్చుకొని, 500 పౌండ్లకు మించకుండా ఒకరి గదిని మరొకరు తీర్చిదిద్దేవారు. వ్యయపరిమితి ముందే చెప్పడమే దాని అందం. నేటి గృహాలంకరణ కార్యక్రమాలలో సోఫా కనబడుతుంది గాని లెక్క కనబడదు; ఇంజనీరుకు అది రుచించదు.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా వంటి తెలుగు కుటుంబాలకు అటువంటి పరిమితులు చిరపరిచితములే. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుండి మనవారు అక్కడ ఉన్నప్పటికీ గోడలు మాత్రం రైల్వేవి. సంక్రాంతికి నాన్నగారు సున్నంలో నీలిమందు కలిపేవారు. అమ్మ పాత నేతచీరలను తెరలుగా కుట్టేది. పొరుగింటి మాసీమా గారి ఆల్పన చూసి మా వాకిటి ముగ్గులో తీగలు చేరాయి.

నాన్నగారి పదవీ విరమణానంతరం క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఆ తెరలను అమ్మ విప్పనీయలేదు. కొత్తగా వచ్చేవారికి కిటికీలు బోసిగా కనబడకూడదట!