నిలకడకు కాపలా ఎవరు?

స్టెబిలైజర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఫ్రిజ్ వెనక గోడకు తగిలించిన డబ్బా. వోల్టేజి పడిపోతే లోపల రిలే టక్కుమంటుంది, ఫ్రిజ్ బతికి బయటపడుతుంది. కరెంటు సక్రమంగా ఉన్నన్నాళ్లూ మాత్రం "ఇది దండగ ఖర్చు" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు!

రసాయనాలకూ ఇలాంటి కాపలాదార్లున్నారు. కాకపోతే వారు కంటికి కనపడరు, చప్పుడు చెయ్యరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలో, ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద, ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులోంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొన్నది. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ అప్పటికి నెల పైగా మూతపడే ఉంది. మూతపడిన ఫ్యాక్టరీలో ప్రమాదమేమిటని అడగొచ్చు. అక్కడే ఉంది కిటుకంతా.

స్టైరీన్ అణువులు ఎవరూ చెప్పకుండానే ఒకదానికొకటి గొలుసుగా అల్లుకుంటాయి. అల్లుకుంటే వేడి పుడుతుంది. వేడెక్కితే అల్లిక మరింత జోరందుకుంటుంది. దీనికి కళ్లేలు రెండు. ఒకటి టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్, వాడుకలో టి.బి.సి. పది లక్షల పాళ్లకు పది పదిహేను పాళ్లు చాలు. అయితే దానికి ద్రవంలో కరిగిన ఆక్సిజన్ తోడుండాలి. పైగా అది రోజురోజుకూ ఖర్చయిపోతుంది, మళ్లీ మళ్లీ కలుపుతుండాలి. రెండోది చల్లబరిచే యంత్రం. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఏం తేల్చింది? టి.బి.సి. నిల్వ చాలినంత లేదు, చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేవారు, ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైభాగం ఉడుకుతుంటే అడుగున చల్లగానే ఉన్నట్టు లెక్క!

దీన్ని 'యాక్సిడెంటు' అని సరిపెట్టడం నాకు సమ్మతం కాదు. ఉత్పత్తి ఆగితే నష్టం ఆనాడే లెక్కకొస్తుంది. నిలకడ తప్పితే వచ్చే నష్టానికి మన ఖాతా పుస్తకాల్లో కాలమే లేదు. అందుకే పొదుపు అనగానే మొదటి కత్తెర దానిమీదే పడుతుంది. ఇటువంటి ద్రవాలు నిల్వచేసే ప్రతి ఫ్యాక్టరీ ఆనాటి ఉష్ణోగ్రత, టి.బి.సి. మోతాదు గేటు ముందు బోర్డుమీద తెలుగులో రాసిపెట్టాలి. గోడకవతల నిద్రపోయే మనిషికి ఆ అంకెలు తెలుసుకునే హక్కు లేదూ?

ఫ్యాక్టరీల సంగతి అలా ఉంచండి, మన లేబొరేటరీ అలమరా ఒకసారి తెరవండి. ఈథర్‌లో చిటికెడు బి.హెచ్.టి. కలుపుతారు. అది ఖర్చయ్యాక గాలి తగిలి పెరాక్సైడ్లు పుడతాయి, అవి పేలతాయి. సీసా తెరిచిన తేదీ దానిమీద రాసే అలవాటు ఎంతమందికుందో అధ్యాపకులే సెలవివ్వాలి. యూనియన్ ఎన్నికల్లో క్యాంటీన్ కాఫీ గురించి ఎన్నో వాగ్దానాలు విన్నాం. ఈసారి నిలబడే మిత్రులు ఆ తేదీల రిజిస్టరు ఒకటి పెట్టిస్తామంటే నా ఓటు వారికే.