ఐర్లండువారి ఇంగ్లీషు తప్పా?

భోజనము ముగించి లేచిన ఐర్లండు దేశస్థుడు "ఐ యామ్ ఆఫ్టర్ ఈటింగ్ మై డిన్నర్" అనును. లండను నగరవాసి అది విని, వీడింకను అన్నము కొఱకు వెదకుచున్నాడు కాబోలునని భ్రమపడవచ్చును. వ్యాకరణము తెలియని పలుకని పలువురు నవ్విరి. శిక్షణ కళాశాలలో చదువునాడు మేమును అట్లే తలంచితిమి. ఇప్పుడా యభిప్రాయమును విడిచితిమి.

ఆ దేశపు పూర్వభాష గేలిక్కు. నేటికిని పడమటి తీరమున కొన్ని పల్లెలలో ఇంటిభాషగా నున్నది. అందు "ఇప్పుడే తింటిని" అనుటకు "తినుటకు పిమ్మట ఉన్నాను" అందురు. భాష మారినను వాక్యపు అచ్చు మారలేదు. "యెస్", "నో" అనువానికి గేలిక్కున సరియైన ఒంటిపదములు లేవు. "వచ్చితివా?" యన్నచో "వచ్చితిని" యనియే బదులు చెప్పవలెను. కావున అక్కడివారు ఇంగ్లీషునను "ఐ డిడ్", "ఐ యామ్" అని తఱచుగా క్రియతోనే బదులిత్తురు. "కలిగియుండు" అను క్రియయు లేదు. పుస్తకము నాయొద్ద నున్నది యందురు. తెలుగు బిడ్డలకు ఇవి వింతగా తోచునా?

ఈ భాషామార్పు సుఖముగా జరుగలేదు. 1831లో నేర్పఱచిన జాతీయ పాఠశాలలలో చదువు ఇంగ్లీషుననే సాగెను. కొన్ని తావుల పిల్లల మెడలో కఱ్ఱముక్కను వ్రేలాడగట్టి, గేలిక్కు పలికినప్పుడెల్ల దానిపై నొక గాటు పెట్టి, గాట్లు లెక్కించి కొట్టిరి. బిడ్డలకు బ్రదుకుదెరువు కావలెనని తలిదండ్రులే ఇందులకు సమ్మతించిరనుట మాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి. పిమ్మట 1845లో మొదలైన మహాక్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. రమారమి మఱి యంతమంది ఓడలెక్కిపోయిరి. గేలిక్కు పల్లెలే అధికముగా పాడుపడినవి.

1910లో పి. డబ్ల్యు. జాయిస్ గారు ఈ వాడుకలను ప్రోగుచేసి యొక గ్రంథము ప్రకటించిరి. ఆయన డబ్లినులో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడపినవారు. మా వృత్తిలోనివారే ఈ పనికి పూనుకొనుట మాకు హర్షకరము.

మా విద్యార్థి సంభాషణ వ్రాయునపుడు, "నీవు పాఠము చదువలేదా?" అను ఇంగ్లీషు ప్రశ్నకు "యెస్, ఐ డిడ్ నాట్" అని బదులు వ్రాయును. "అవును, చదువలేదు" అనుట తెలుగున సరియే కదా! పరీక్షలో మార్కులు పోవును గనుక దిద్దక తప్పదు. అయినను, శ్రద్ధలేక చేసిన తప్పు వేఱు, తల్లిభాష పోకడ వేఱు; రెంటికిని ఒకే యెఱ్ఱసిరా వాడుట న్యాయముగా తోచలేదు. ఈ యేడు మొదలు రెండవదానికి నీలిసిరా వాడి, ప్రక్కనే ఆ తెలుగు వాక్యమును వ్రాయుచున్నాము. నోటుపుస్తకములలో నీలిసిరా చూచి తలిదండ్రులు పిల్లలపై కోపింపవలదని మనవి.