క్యూలో నిలబడిన రోగి

మాదకద్రవ్యాల ప్రసక్తి పార్లమెంటులో వచ్చినప్పుడల్లా సభ్యులు అడిగేదీ, మంత్రులు చెప్పేదీ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఎన్ని కిలోల హెరాయిన్ పట్టుబడింది, ఎందరిని అరెస్టు చేశారు, సరిహద్దు ఆవలి నుంచి ఎన్ని డ్రోన్లు వచ్చాయి అనే లెక్కలతో చర్చ ముగుస్తుంది. పట్టుబడని హెరాయిన్ ఎవరి నరాలలోకి పోతున్నదో, ఆ మనిషిని తిరిగి నిలబెట్టే మార్గమేమిటో అడిగేవారు అరుదు. ఈ వారం ఆ మనిషిని గురించే వ్రాస్తున్నాను.

పంజాబు సరిహద్దు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, చికిత్సా కేంద్రం ముందు ఉదయమే ఏర్పడే క్యూను నేను చూశాను. రోజుకూలీలు, లారీ డ్రైవర్లు, చదువు మధ్యలో మానిన యువకులు అందులో ఉన్నారు. నర్సు ఎదుటనే మాత్రను నాలుక కింద ఉంచుకొని, అది కరిగిన తరువాతనే పనికి పోవాలి. వరినాట్ల రోజులలో ఇక్కడ గంట ఆలస్యమైతే ఆనాటి కూలి పోయినట్లే. కూలి కావాలనుకున్నవాడు మాత్ర మానుకుంటాడు. రెండు రోజులు మానినవాడు మూడవ రోజున ఎవరి గుమ్మం ముందు తేలతాడో చెప్పనక్కరలేదు.

ఆ మాత్రలోని మందు బ్యూప్రెనార్ఫిన్. హెరాయిన్ మెదడులో ఏ గ్రాహకాలను పట్టుకుంటుందో వాటినే ఇదీ పట్టుకుంటుంది. మరింత గట్టిగా పట్టుకుంటుంది, కాని పాక్షికంగానే పనిచేస్తుంది. అందుచేత ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్రలేమి అణగుతాయి. ఒక మోతాదు దాటిన తరువాత శ్వాసను అణచే శక్తి అంతగా పెరగదు గనుక, ఊపిరి ఆగి మరణించే ప్రమాదం హెరాయిన్‌తో పోలిస్తే చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీనిని మెథడోన్‌తో పాటు అత్యావశ్యక ఔషధాల పట్టికలో చేర్చింది. పంజాబు ప్రభుత్వం 2017 అక్టోబరులో అమృత్‌సర్, తరన్ తారన్, మోగా జిల్లాలలో ఈ కేంద్రాలను ఆరంభించగా, తదుపరి సంవత్సరాలలో వాటి సంఖ్య అయిదు వందలు దాటింది.

ఒక వ్యసనానికి బదులు మరొక వ్యసనమా అని ఆక్షేపించేవారున్నారు. రక్తపోటుకు ఏళ్ల తరబడి మాత్ర మింగేవానిని మనం వ్యసనపరుడని అనడం లేదు. మందు మీద బ్రతకడం వేరు, మత్తు కోసం ఇల్లు గుల్ల చేసుకోవడం వేరు.

అయితే రోజూ రప్పించడం దేనికి? మాత్రలు ఇంటికిస్తే అమ్ముకుంటారని, కరిగించి సూదితో ఎక్కించుకుంటారని ప్రభుత్వాల భయం. ఆ భయం నిరాధారమైనది కాదు. కుదుటపడిన వారికి కొన్ని రోజుల మాత్రలు ఇచ్చే వెసులుబాటు కల్పించారు. 2020 లాక్‌డౌన్‌లో దానిని మరింత సడలించారు. అయినా ఒకరిద్దరి మోసానికి పదిమంది నిజాయితీపరులు రోజుకూలితో జరిమానా కట్టే పరిస్థితి పూర్తిగా తొలగలేదు.

ఈ చిక్కును విప్పగల సాధనం వైద్యశాస్త్రం చేతికి వచ్చింది. అదే బ్యూప్రెనార్ఫిన్‌ను నెలకొకసారి చర్మం కింద ఇచ్చే సూదిమందుగా 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. మరుసటి సంవత్సరం ఐరోపాలో వారానికొకటి, నెలకొకటిగా ఇచ్చే మరొక రకానికి అనుమతి లభించింది. చర్మం కింద చేరిన ద్రవం చిక్కబడి చిన్న నిల్వగా ఏర్పడి, రోజుకింతగా మందును విడుస్తుంది. అమ్ముకోవడానికి మాత్ర ఉండదు. మానుకోవడానికి రేపటి మోతాదు ఉండదు. రోగికి నెలలో ఒక్క పూట తప్ప తక్కిన రోజులన్నీ అతనివే.

దీనికి పరిమితులు లేవని నేననను. శిక్షణ పొందిన సిబ్బందే ఇవ్వాలి. పొరపాటున రక్తనాళంలోకి పోతే అక్కడ గడ్డకట్టి ప్రాణాపాయం కలుగుతుంది. నెలకొకటిగా ఇచ్చే మరొక సూదిమందు నాల్‌ట్రెక్సోన్‌తో దీనిని కలగాపులగం చేయరాదు. అది గ్రాహకాలను మూసివేస్తుంది. వారం పది రోజులు మత్తుకు పూర్తిగా దూరమైన వారికే ఇవ్వాలి. పైగా ఏ మందైనా ఉద్యోగాన్నీ, ఇంట్లో పోయిన నమ్మకాన్నీ తెచ్చిపెట్టదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటున్నది. నెల రోజులు ఒంటిలో ఉండే మందు, అధికారం చేతిలో పడితే సంకెల కాగలదు. జైలు నుంచి విడుదలైన తొలి వారాలలోనే మోతాదు మించి మరణించేవారు ఎక్కువ గనుక, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ జైళ్లలో 2018-19లో ఈ సూదిమందును పరీక్షించారు. మంచి ప్రయోగమే. కాని బెయిలుకు షరతుగానో, పోలీసు లెక్కల కోసమో సూది గుచ్చితే అది వైద్యం కాదు. మాత్ర కావాలా, సూదిమందు కావాలా అన్నది రోగి నిర్ణయం కావాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 27వ సెక్షన్ మత్తు వాడినవానికి జైలు చూపుతుంది. అదే చట్టంలోని 64ఎ సెక్షన్ స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవానికి రక్షణ చూపుతుంది. మన పోలీసు స్టేషన్లకు మొదటిది కంఠస్థం. రెండవది చదివిన జాడ తక్కువ.

ఇక ధర సంగతి. అమెరికాలో ఈ మందు విడుదలైనప్పుడు ఒక్క నెల మోతాదు ధర దాదాపు 1,580 డాలర్లు. ఆ ధరకు తరన్ తారన్ కూలీకి ఇది అందదు. అయితే 2001లో ఎయిడ్స్ మందులు పాశ్చాత్య దేశాలలో ఏడాదికి పదివేల డాలర్లకు మించి ఉన్నప్పుడు, మన సిప్లా కంపెనీ 350 డాలర్లకు ఇస్తానని ముందుకు వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం ఇచ్చిన బలమది. 2005 సవరణతో ఆ దారి ఇరుకైనది గాని మూసుకుపోలేదు. బ్యూప్రెనార్ఫిన్ 1960ల నాటి మందు. మన దేశంలోనే తయారవుతున్నది. కొత్తదల్లా దానిని నెల రోజులు నిలిపే విధానమే. ఆ విధానాన్ని చవకగా సాధించడం మన ఔషధ పరిశ్రమకు అసాధ్యమని నేను నమ్మను.

కేంద్ర ప్రభుత్వం కోసం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించి, 2019 ఫిబ్రవరిలో వెల్లడించిన సర్వే ప్రకారం, నల్లమందు జాతి మత్తు వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు మన దేశంలో సుమారు 77 లక్షలు. బాధితుల సంఖ్య అధికంగా ఉన్న రాష్ట్రాల వరుసలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉన్నది. కనుక ఇది పంజాబు గొడవ అని మన పాఠకులు ప్రక్కకు తిరగడానికి వీలులేదు.

పట్టుబడిన కిలోల లెక్క ఈసారీ సభ ముందుకు వస్తుంది, రావలసిందే. దానితో పాటు ఎందరు చికిత్సలో చేరారు, ఆరు నెలల తరువాత అందులో ఎందరు మిగిలారు, వారిని నిలబెట్టే మందును ఏ ధరకు ఎప్పటికి అందిస్తారు అని మన సభ్యులలో ఒక్కరైనా అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు రాబట్టేంతవరకు, ఆ కూలీ తెల్లవారేసరికి క్యూకు పోవాలో పొలానికి పోవాలో తేల్చుకోలేక నిలబడే ఉంటాడు.